కింది నుంచి పైకి

డిగ్రీలో చదివిన స్టాటిస్టిక్స్‌లో ఇప్పటికి నాకు మిగిలింది ఎంత అని ఈమధ్య ఒకసారి నిజాయితీగా లెక్క వేసుకున్నాను. పెద్దగా ఏమీ లేదు. మూమెంట్ జనరేటింగ్ ఫంక్షన్ పోయింది. లెప్టోకర్టిక్, ప్లాటికర్టిక్ అనే మాటలు పాత పాటల పల్లవుల్లా నోటికొస్తాయి గానీ, ఏది పొడుగో ఏది పొట్టో చెప్పాలంటే ఒక క్షణం ఆగాలి. గుప్తా-కపూర్ పుస్తకం బరువు చేతులకి బాగా గుర్తుంది. మొదటిరోజు మేడమ్ బోర్డు మీద సి.ఆర్. రావు పేరు రాసి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసిన మన తెలుగాయన, పాతికేళ్ల వయసులో, 1945లో రాసిన పేపరు ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతోందని చెప్పడం గుర్తుంది. మాకందరికీ ఛాతీలు ఉబ్బాయి. తర్వాత ఆయన పేరున్న ఇన్‌ఈక్వాలిటీ పరీక్షలో వచ్చినప్పుడు ఆ ఉబ్బు ఎటు పోయిందో తెలీదు.

ఇవి కాక, ప్రాక్టికల్ రికార్డులో ఒక పేజీ ఉంది. అది మాత్రం తారీఖుతో సహా గుర్తుంది. ఆ పేజీలో ఉన్నవి మా తమ్ముడి మార్కులు.

2019 జూన్‌లో వాణ్ని హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీలో చేర్పించారు. నేను అప్పుడు కరీంనగర్‌లో ఇంటి దగ్గరే ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ రెండో సంవత్సరం, మ్యాథ్స్ స్టాటిస్టిక్స్ కంప్యూటర్స్. వాడి ఏడాది ఫీజుతో నా మూడేళ్ల డిగ్రీ చాలాసార్లు అయిపోయేది. ఇది ఫిర్యాదు కాదు, భాగహారం. (ఫిర్యాదు కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.)

వాడి కాలేజీలో ప్రతి ఆదివారం ఎంసెట్ తరహా పరీక్ష, 160 మార్కులకి. మంగళవారం రాత్రికల్లా బాపు ఫోన్‌కి మెసేజ్ వచ్చేది: పేరు, నంబరు, ఇన్ని మార్కులు, ఇంత ర్యాంకు. బాపు ఆర్టీసీ కండక్టర్. నైటౌట్ డ్యూటీ లేని రోజుల్లో ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండేవాడు. జీవితమంతా టికెట్ల నంబర్లు, ఎస్సార్ కాగితాలు, తర్వాత టిమ్ మిషన్లు చూసినవాడు, ఆ ఒక్క మెసేజ్ మాత్రం తను తెరిచేవాడు కాదు. ఫోన్ నా చేతికిచ్చి "సదువు" అనేవాడు. నేను చదివి, గోడమీది క్యాలెండర్‌లో ఆ ఆదివారం గడిలో ఎర్ర పెన్నుతో అంకె వేసేదాన్ని. నా మార్కుల మెసేజ్ ఎవరికీ రాలేదు. మా కాలేజీకి అలాంటి అలవాటు లేదు.

జూలైలో ఒక వారం 131 వచ్చాయి. బాపు ముఖం అలా వెలగడం నేనంతకు ముందు చూళ్లేదు. ఆ ఆదివారమే హైదరాబాద్ వెళ్లి వాడికి బిర్యానీ తినిపించి, చేతికి గడియారం కొనిపెట్టి, బస్టాండ్‌లో టీ కొట్టువాడి దాకా అందరికీ చెప్పుకున్నాడు. తర్వాతి మంగళవారం నేను మెసేజ్ తెరిచాను. 97.

"మొఖం మీద పొగిడితె ఆయుక్షీణం అని పెద్దలు ఉత్తగనే అన్లే" అన్నాడు బాపు. ఇంకేమీ అనలేదు.

ఆగస్టులో ఒకసారి 78కి పడింది. బాపు వార్డెన్‌కి ఫోన్ చేసి వాణ్ని పిలిపించి వాకిట్లో నిలబడి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మాట్లాడాడు అనడం మర్యాద. పక్కింటివాళ్లు టీవీ సౌండ్ తగ్గించి విన్నారు. తర్వాతి వారం 107.

"సూసినవా? గట్టిగ అంటెనే."

అంతే. ఒక పొగడ్త, ఒక తిట్టు. రెండే రెండు ప్రయోగాలతో మా ఇంట్లో ఒక సిద్ధాంతం స్థిరపడిపోయింది. ఆ తర్వాత వారాలు ఏవీ దాన్ని కాదనలేదు. మార్కులు బాగా తగ్గినప్పుడల్లా బాపు తిట్టేవాడు, తిట్టిన తర్వాతి వారం మార్కులు పెరిగేవి. బాగా వచ్చినప్పుడు బిగబట్టుకుని ఊరుకునేవాడు. అయినా తర్వాతి వారం కాస్త తగ్గేవి. మనసులో సంతోషపడ్డాను కదా, దిష్టి తగిలిందేమో అనేవాడు. అమ్మ ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. ఇంకా ముందుకెళ్లి, "బాపూ, ఈ వారం జెర గట్టిగనే అను" అని ఫోన్ కలిపి ఇచ్చింది చాలాసార్లు నేనే. ఆఖరికి తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు చెప్పాడు: "బాపు తిడితెనె నాకు బుద్ధొస్తదక్కా."

మూడో సెమిస్టర్‌లో మాకు కోరిలేషన్, రిగ్రెషన్ వచ్చాయి. తెలుగులో సహసంబంధం, ప్రతిగమనం. ప్రాక్టికల్‌లో మొదటి లెక్క ప్రతి బ్యాచ్ చేసేదే: ఎనిమిది మంది తండ్రుల ఎత్తులు, వాళ్ల కొడుకుల ఎత్తులు, అంగుళాల్లో. తండ్రుల సగటు 68, కొడుకుల సగటు 69. తేడాలు రాసి, వాటిని గుణించి, వర్గాలు చేసి, కూడి, భాగిస్తే కోరిలేషన్ 0.603 వస్తుంది. క్లాసులో అందరికీ అదే రావాలి. రాకపోతే పక్కదాని రికార్డు చూసి తెప్పించాలి. తర్వాత రెండు రిగ్రెషన్ గీతలు గీయాలి: తండ్రి ఎత్తునుబట్టి కొడుకుది అంచనా వేసే గీత ఒకటి, కొడుకు ఎత్తునుబట్టి తండ్రిది అంచనా వేసే గీత ఇంకొకటి. రెండూ సగటుల దగ్గర ఒకదాన్నొకటి దాటాలి. ఉన్నది ఒకటే సంబంధం అయినప్పుడు గీతలు రెండెందుకు అని నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. కలర్ పెన్సిళ్లు ఎవరి దగ్గరున్నాయి అన్నదే అప్పటి సమస్య.

ఆ మొదటి గీత వాలు సరిగ్గా మూడింట రెండు. అంటే ఒక తండ్రి సగటు కంటే మూడు అంగుళాలు పొడుగైతే, కొడుకు కొడుకుల సగటు కంటే రెండు అంగుళాలే పొడుగుంటాడని అంచనా. మేడమ్ అక్కడ ఆగి ఫ్రాన్సిస్ గాల్టన్ కథ చెప్పారు. 1886లో ఆయన 205 జంటల తల్లిదండ్రుల, వాళ్ల 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తులు తీసుకున్నాడు. ఆడవాళ్ల ఎత్తుల్ని 1.08తో హెచ్చించి మగవాళ్ల లెక్కలోకి మార్చుకున్నాడు. ఆయనకీ మూడింట రెండు వంతులే వచ్చింది. మరీ పొడుగు వాళ్ల పిల్లలు పొడుగే, కానీ అంత కాదు. మరీ పొట్టివాళ్ల పిల్లలు పొట్టే, కానీ అంత కాదు. సగటు వైపు ఈ జరగడాన్ని ఆయన మీడియోక్రిటీ వైపు వెనక్కి పోవడం అన్నాడు. రిగ్రెషన్ అన్న పేరు అలా వచ్చింది. మామూలుగా ఉండటాన్ని వెనక్కి పోవడం అనుకున్న ఈ మనిషే, మేలు జాతి మనుషుల్ని ఏరి పెంచాలనే యూజెనిక్స్‌కి అంతకు మూడేళ్ల ముందే ఆ పేరు పెట్టాడు. అంత గొప్ప సంగతి కనిపెట్టి కూడా దాన్ని అంత చిన్నచూపు చూడగలగడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అప్పుడు మాత్రం ఇదంతా నోట్సు. రాసుకున్నాను, అండర్‌లైన్ చేశాను.

అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైంది. మూడురోజుల్లో దసరా. దాదాపు 48 వేల మంది కార్మికులు, 52 రోజులు. ఆ రోజులు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి ఇక్కడ చెప్పడం కుదరదు. సెప్టెంబర్ జీతమే రాలేదు. బాపు పొద్దున్నే డిపో ముందు టెంటు కిందికి వెళ్లేవాడు, సాయంత్రం వచ్చి వాకిట్లో కుర్చీలో కూర్చునేవాడు. అరుపుల మనిషి కాస్తా గొంతే లేనివాడయ్యాడు. దీపావళికి అమ్మ మూడు ప్రమిదలు వెలిగించి లోపలికొచ్చింది. మంగళవారం మెసేజ్‌లు మాత్రం ఠంచనుగా వచ్చేవి. నేను చదివేదాన్ని. "ఊఁ" అనేవాడు. తమ్ముడికి ఫోన్ చేయలేదు. చేస్తే ఫీజు రెండో వాయిదా సంగతి వార్డెన్ ఎత్తుతాడని భయం కూడా కావచ్చు.

నవంబర్‌లో మేడమ్ రికార్డుకి ఒక ప్రాక్టికల్ ఎవరి సొంత డేటాతో వాళ్లే చేయాలన్నారు. కనీసం పదిహేను జతలు. ఒకమ్మాయి వాళ్ల హోటల్లో రోజూ పోసే టీలు, పాల లీటర్లు తెచ్చింది. నేను క్యాలెండర్‌లోంచి పేజీలు చింపుకుని వెళ్లాను. ఎక్స్ అంటే ఈ వారం మార్కులు, వై అంటే తర్వాతి వారం మార్కులు. అసలు నాకు కావల్సింది కొత్త సంగతి కనిపెట్టడం కాదు, తెలిసినదాన్ని రుజువు చేయడం. అందుకే పక్కన మూడో గడి కూడా గీశాను. బాపు తిట్టిన వారాలకి 'తి' అని, పొగిడిన వారానికి 'పొ' అని పెట్టాను. 'పొ' ఒకటే ఉంది.

మేడమ్ నా టేబుల్ దగ్గరికొచ్చి ఆ 'తి'లు చూసి ఏమిటన్నారు. చెప్పాను. నవ్వలేదు. బాగా తక్కువ మార్కుల దగ్గర పెన్సిల్‌తో సున్నా చుట్టి, "తర్వాత ఎంత?" అన్నారు. 78 తర్వాత 107. 84 తర్వాత 112. 81 తర్వాత 95. తిట్టు పనిచేసింది చూడండి మేడమ్ అన్నట్టు చూశాను.

"ఇప్పుడు ఈ లిస్టు కింది నుంచి పైకి చదువు."

నాకర్థం కాలేదు. వెనక నుంచి చదువమ్మా, తక్కువ వచ్చిన వారానికి ముందు వారం ఎంతో చెప్పు అన్నారు. 78కి ముందు 109. 84కి ముందు 101. 81కి ముందు 118.

"ముందు వారం కూడా ఎక్కువే కదా. మరి మీ నాన్న తిట్టు వెనక్కి నడిచి ముందు వారంలో కూడా పనిచేసిందా?"

పక్క టేబుళ్ల వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. కానీ చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. గుంటలో ఉన్నవాడికి రెండువైపులా గట్టే. ముందుకు చూసినా ఎత్తే, వెనక్కి చూసినా ఎత్తే. మేం గుంట తర్వాతి గట్టు ఒక్కటే చూసి, బాపు ఎత్తి కూర్చోబెట్టాడు అనుకున్నాం. రెండు గీతలు ఎందుకో నాకు ఆ నిమిషంలో తెలిసింది. పొడుగు తండ్రుల కొడుకులు అంత పొడుగు కాకపోవడం నిజమైతే, పొడుగు కొడుకుల తండ్రులు కూడా అంత పొడుగు కాకపోవడం అంతే నిజం. కొడుకు వల్ల తండ్రి పొట్టి కాడు కదా. అందులో కారణమంటూ ఏదీ లేదు. ఒక కొసన ఉన్నవాళ్లని ఏరి పక్కన నిలబెట్టి, వాళ్లనే ఇంకో కొలతతో కొలిస్తే జరిగేది అది, అంతే.

ఆ రాత్రి ఇంట్లో కూర్చుని ఇంకో లెక్క వేశాను. 160 ప్రశ్నలు, తప్పుకి మార్కు కోత లేదు, కాబట్టి తెలియనివాటికి కూడా ఏదో ఒకటి పెట్టేస్తారు. తమ్ముడికి ఒక పరీక్షలో 40 ప్రశ్నలు బొత్తిగా తెలియవనుకుందాం. నాలుగింటిలో ఒకటి కాబట్టి సగటున 10 తగులుతాయి. రెండో సెమిస్టర్లో నేర్చుకున్న బైనామియల్ ప్రకారం ప్రామాణిక విచలనం 2.7 చిల్లర. అంటే ఒక వారం 6, ఇంకో వారం 14 రావడం పెద్ద వింతేమీ కాదు. వాడి తెలివిలో రవ్వంత తేడా లేకుండానే ఎనిమిది మార్కులు అటూ ఇటూ. దీనికి తోడు పేపరు కష్టమా సులువా, వచ్చిన చాప్టర్లు ముందు రాత్రి చూసినవా కావా, జ్వరం, దోమలు, పక్క మంచం వాడి గురక. 131 వచ్చిన వారం వీటిలో చాలామటుకు వాడివైపు ఉండి ఉంటాయి. తర్వాతి ఆదివారం అన్నీ మళ్లీ వాడివైపే ఉండాలని ఏముంది? 97 బిర్యానీ వల్ల రాలేదు. గడియారం వల్లా రాలేదు.

సమ్మె రోజుల్లో కూడా రెండుసార్లు మార్కులు బాగా పడ్డాయి. 83, 80. ఎవరూ తిట్టలేదు. తర్వాతి వారాలు 106, 99. ఇది మేడమ్‌కి చూపిస్తే ఎగిరి గంతేస్తారనుకున్నాను. "రెండు వారాలతో ఏం తేలదు" అన్నారు. పైగా ఇంటి సంగతి తెలిసి, భయపడి చదివాడేమో, అది నీకెలా తెలుస్తుంది అన్నారు. కానీ అడగాల్సిన ప్రశ్న ఇదే, తిట్టని వారాల్లో ఏమైందో ముందు చూడాలి, పోల్చడానికి పక్కన ఇంకోటి లేకుండా ఏదీ నమ్మొద్దు అన్నారు. దాన్ని కంట్రోల్ గ్రూప్ అంటారని అప్పుడే విన్నాను. వినగానే నాకు తట్టింది ఒక్కటే. మా ఇంట్లో కంట్రోల్ గ్రూప్ నేనే. పన్నెండో తరగతి దాకా ఒక్కరు తిట్టలేదు, ఒక్కరు పొగడలేదు. నా మార్కులు కూడా పెరిగాయి, తగ్గాయి, పెరిగాయి. ఎర్ర పెన్నుతో రాసినవాళ్లు లేరు గనక ఎవరికీ తెలీదు.

రికార్డుకి పదికి పది వేశారు. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టేశాను. బాపుకి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో చాలాసార్లు చాలా రకాలుగా చెప్పుకున్నాను. నవంబర్ 25న సమ్మె విరమించారు, నెలాఖరుకి బాపు డ్యూటీ ఎక్కాడు, అప్పటికి మనిషి సగం అయ్యాడు, ఆ సమయంలో నీ సిద్ధాంతం తప్పు అని ఎలా చెప్తాం. ఇది నిజమే. డిగ్రీ పిల్ల మాట ఎవరు వింటారు. ఇదీ నిజమే. కానీ మూడోది కూడా ఉంది. మంగళవారం రాత్రి వాకిట్లోంచి ఆ అరుపులు వినిపిస్తుంటే నాకు లోపల ఎక్కడో బాగుండేది. అంత ఫీజు వాడికి, ఆ మెసేజ్‌లు వాడివి, క్యాలెండర్ వాడిది. కనీసం తిట్లు కూడా వాడివే కానీ. ఇందాక ఫిర్యాదు కూడా ఉందన్నాను చూడండి, అది ఇదే. డిసెంబర్ నుంచి ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి. కలిపి ఇచ్చింది నేనే. ఈసారి తెలిసి.

ఇంకో మాట. 2020 మార్చిలో వాడు మొదటి సంవత్సరం పరీక్షలు రాశాడు, ఆ వెంటనే లాక్‌డౌన్. 2021లో రెండో సంవత్సరం పరీక్షలు జరగనేలేదు, అందర్నీ పాస్ చేశారు. ఆ ఆదివారాలన్నీ దేనికోసమో, ఆ మంగళవారాలన్నీ దేనికోసమో.

కొన్నేళ్లకి, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, డేనియల్ కానమన్ రాసిన 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో' చదువుతుంటే ఒకచోట మా వాకిలి కనబడింది. ఈయన సైకాలజిస్టు, 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 2024లో పోయాడు. ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళంలో పైలట్లకి శిక్షణ ఇచ్చేవాళ్లకి పాఠం చెబుతూ, తిట్టడం కంటే మెచ్చుకోవడం మేలు అన్నాడట. ఒక సీనియర్ లేచి, నేను మెచ్చుకున్న ప్రతి కుర్రాడూ తర్వాతిసారి చెడగొడతాడు, అరిచినవాడు బాగుపడతాడు, మీ మాట మాకు చెల్లదు అన్నాడట. కానమన్ అప్పుడు వాళ్లందరినీ లేపి, వెనక్కి తిరిగి నేలమీది గుర్తు వైపు చూడకుండా చెరో రెండు నాణేలు విసరమన్నాడు. మొదటిసారి దగ్గరగా వేసినవాళ్లు చాలామంది రెండోసారి దూరం వేశారు, దూరం వేసినవాళ్లు దగ్గరికొచ్చారు. ఎవర్నీ ఎవరూ మెచ్చుకోలేదు, తిట్టలేదు. లోకం ఇలా ఉన్నందువల్ల మంచిగా ఉన్నవాళ్లకి శిక్షా, కటువుగా ఉన్నవాళ్లకి బహుమానమూ దొరుకుతూ ఉంటాయని ఆయన బాధ. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. యుద్ధ విమానాల దగ్గర్నుంచి కరీంనగర్ దాకా ఒకటే తప్పు.

ఇదంతా పాత కథ అని వదిలేద్దును. కానీ తమ్ముడు బీటెక్ అయ్యి, పోయిన ఏడాది హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు, నా ఫ్లాట్‌కి దగ్గర్లోనే హాస్టల్‌లో ఉంటున్నాడు. ఒక రాత్రి నా దగ్గరికి భోజనానికొచ్చాడు. ఆ రోజు ఆఫీసులో ఏదో పని చెడింది. చేతులు కడుక్కుంటూ అద్దంలో తనని తను చూసుకుని ఒక మాట అనుకున్నాడు. ఆ మాట ఇక్కడ రాయలేను. ఆ గొంతు, ఆ పదం, ఆ విరుపు అచ్చంగా మంగళవారం రాత్రి వాకిలి. నేనేదో అనబోతే నవ్వేశాడు. "గట్ల అనుకుంటెనె రేపు పని సక్కగయితదక్కా. నాకు తెల్సు. ఎన్నిసార్లు చూసిన్నో." ఇంకా అన్నాడు, మా టీమ్ లీడ్ మెచ్చుకుంటే నాకు భయమైతది, రేపు ఏదో చెడిపోతదని.

చూశాడట. ఎన్నోసార్లు. నిజంగానే చూసే ఉంటాడు. చెడ్డ రోజు తర్వాత మామూలు రోజు వస్తుంది, ప్రతిసారీ వస్తుంది. ఇలాంటి నమ్మకాన్ని కూలగొట్టడానికి సాక్ష్యం ఎక్కడా దొరకదు, రోజూ బలపడుతూ ఉంటుంది.

ఈ సంక్రాంతికి అందరం ఇంట్లో ఉన్నాం. బాపు రిటైరయ్యాడు. భోగి రోజు పొద్దున అమ్మ వాకిట్లో పెద్ద ముగ్గు వేసింది, మధ్యలో గొబ్బెమ్మ పెట్టడానికి ఒక చుక్క వదిలింది. నేను డబ్బాలోంచి రూపాయి బిళ్లలు తీసుకొచ్చి, ఒక ఆట ఆడదాం రమ్మన్నాను. ముగ్గుకి వీపు పెట్టి నిలబడి, చూడకుండా, తల మీదుగా ఆ మధ్య చుక్క వైపు విసరాలి. ఒక్కొక్కరు రెండుసార్లు. బాపు, తమ్ముడు, నేను, పక్కింటి అన్నవాళ్లు, వాళ్ల పిల్లలు, మొత్తం తొమ్మిది మంది. అమ్మ ఆడలేదు, ముగ్గు చెరిపితే ఊరుకోనని చీపురు పట్టుకుని నిలబడింది. జాకెట్లు కొలిచే టేపుతో దూరాలు కొలిచి నేను రాసుకున్నాను. లోపల గుండె కొట్టుకుంటూనే ఉంది, తొమ్మిది మందితో ఏమైనా రావచ్చు, అటు తిరిగితే నా ఏడేళ్ల కథ ముగ్గులో కలిసిపోతుంది.

మొదటిసారి అందరికంటే దగ్గర వేసింది బాపు, చుక్కకి జానెడు. పిల్లలు ఈలలు వేశారు. తమ్ముడి బిళ్ల వెళ్లి బండికి తగిలి మోరీ దాకా దొర్లింది. రెండోసారి బాపుది తులసికోట దగ్గర పడింది. తమ్ముడిది ముగ్గు అంచులోనే ఉంది. మిగతా వాళ్లలో ఇద్దరు ముగ్గురు తప్ప అందరిదీ ఇదే వరస.

కాగితం బాపుకి చూపించాను. "రెండోసారి నీది గంత దూరం ఎందుకు వోయింది బాపూ?"

"పోయింది. చూడకుంట ఏస్తె పోదా?"

"వానిది దగ్గరికొచ్చింది కదా. ఎవరన్న తిట్టిన్రా వాణ్ని?"

బాపు కాగితం వైపు చూశాడు. అద్దాలు నుదుటి మీదికి తోసి మళ్లీ చూశాడు. ఎక్కడికి తీసుకెళ్తున్నానో అర్థమైందని నాకు తెలిసింది, ఎందుకంటే ఇక నన్ను ఏమీ అడగలేదు. వంగి బిళ్లలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరుతూ, నేలతో మాట్లాడుతున్నట్టు అన్నాడు: "ఒక దినం కలెక్షన్ మస్తయితది. తెల్లారి కాదు. గదే బండి, గదే రూటు, నేనే. ఒక్కనాడన్న మరి గిదేంది అనుకోకపోతి."

అప్పుడు లోపలికెళ్లి అటక మీది రికార్డు తెచ్చాను. ఆ పేజీ తెరిచి, మొదట పై నుంచి కిందికి, తర్వాత కింది నుంచి పైకి చదివి వినిపించాను. తమ్ముడు మోరీలోంచి తన బిళ్ల తీసుకుని వచ్చి వెనక నిలబడ్డాడు. 'తి'లు చూసి నవ్వాడు, తర్వాత నవ్వలేదు. పేజీ అడుగున మేడమ్ సంతకం, తారీఖు ఉన్నాయి. బాపు వేలు ఆ తారీఖు మీద ఆగింది. 18-11-2019.

"గప్పుడే తెల్సునా నీకు?"

"తెల్సు."

"మరి చెప్పకపోతివి?"

జవాబు చెప్పాలని నోరు తెరిచాను. సమ్మె అనబోయాను. ఆయన ముఖం చూసి అనలేకపోయాను. అమ్మ చెరిగిన ముగ్గుని దిద్దుతోంది. బాపు బిళ్లల్ని, ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ, అరచేతిలో ఒకదాని మీద ఒకటి దొంతర పేర్చి, బొటనవేలితో లెక్కపెట్టి, నా చేతిలో పెట్టాడు. పేజీ మాత్రం వదల్లేదు. పైనుంచి నాలుగో అంకె మీద గోరు పెట్టి, తమ్ముడి వైపు తిరగకుండానే అడిగాడు.

"నూట ముప్పై ఒకటి గిదేనా, గడియారం కొన్ననాడు?"

"గదే బాపూ" అన్నాడు తమ్ముడు.

"మస్తొచ్చినయ్ రా గప్పుడు."